దేవర కూర తిన్న మర్నాడే స్కాన్, లివర్‌లో కొవ్వు గ్రేడ్ 2: ఆ ఒక్కరోజు తిండేనా కారణం?

ఊరిబిండి (కడప), సోమవారం రాత్రి 9:40

అన్నలకు, అక్కలకు నమస్తే. నిన్న ఆదివారం మా ఊర్లో పెద్దమ్మ దేవర, అంటే జాతర. పన్నెండేండ్లకు ఒకసారి చేసేది, పోకుంటే మా మేనమామ జన్మలో మాట్లాడడు. మధ్యాన్నం రెండు పంక్తుల్లో కూర్చుంటి. పొట్టేలు కూర, తలకాయ పులుసు, బోటి, సంగటి, పలావు. రాత్రికి మళ్లీ అదే కూర. మరిగి మరిగి పైన వేలు మందాన నూనె తేలుతాంది, ఐనా వదల్లేదు.

ఈ పొద్దు ఆఫీసోళ్లు పెట్టిన చెకప్. ఖాళీ కడుపుతో రమ్మన్నారు. ఆరింటికి ఊర్నుంచి బయల్దేరతాంటే మా అత్త రొంత సంగటి, కూర పెట్టె. కాదనలేకపోతి. పదింటికి రక్తం ఇస్తి, పదకొండుకు పొట్ట స్కాన్.

రిపోర్టులు: ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో కొవ్వు, 412. ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) దగ్గర ఉత్త గీత. లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 78, ఎస్‌జీఓటీ 46. ప్లేట్‌లెట్లు 2 లక్షల 38 వేలు. స్కాన్‌లో ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2. నా వయసు 43, బరువు 86, ఎత్తు 168, నడుము 102 సెంటీమీటర్లు. తాగుడు మానేసి ఆరేండ్లయింది.

నా డౌటు ఒకటే. నిన్న తిన్న కొవ్వు లివర్‌లోకి పోయి కూర్చుండిందా? వారం పత్యం చేసి మళ్లీ స్కాన్ తీయించుకుంటే సరిపోతాదా? ఇంట్లో అప్పుడే నెయ్యి గిన్నె యాడ దాచిపెట్టినారో కనపడ్డం ల్యా.

ల్యాబ్_తమ్ముడు (కర్నూలు), సోమవారం రాత్రి 10:15

అన్నా, ముందు ఆ 412 సంగతి. ఆరింటికి తిని పదింటికి రక్తం ఇచ్చినావు. కొవ్వు తిన్నాక రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కి ఎక్కి కొసకు చేరేది సుమారు మూడు నుంచి ఐదు గంటల మధ్య. కొండ కొసన నిలబడినప్పుడే నీకు ఫోటో తీసినారు. పైగా రాత్రి తిన్న కొవ్వులో కొంత పేగు గోడలోనే ఆగి ఉంటుంది, పొద్దున ముద్ద పడంగానే అదీ రక్తంలోకి దిగుతుంది. అంటే ఆ ట్యూబులో రెండు పూటల కూర ఉండాది.

దేవర్లు, పెండ్లిండ్లు జరిగే రోజుల్లో ఇది మాకు మామూలే. సెంట్రిఫ్యూజ్ తిప్పి ట్యూబ్ తీస్తే ఎండుగడ్డి రంగులో తేటగా ఉండాల్సిన సీరం నీళ్లు కలిపిన పాల మాదిరి ఉంటుంది. కొందరిదైతే రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పైన మీగడ కడుతుంది, నిజంగానే. చూసినోళ్లు ఆ పూటకు బజ్జీ ముట్టరు. మర్నాడు మామూలే అనుకో.

ఎల్‌డీఎల్ దగ్గర గీత ఎందుకంటే, చాలా ల్యాబుల్లో దాన్ని కొలవరు, మిగతా అంకెల నుంచి లెక్కగడతారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క చెల్లదు. రెండు వారాలు మామూలు తిండి తిని, పన్నెండు గంటలు ఏమీ తినకుండా పోయి మళ్లీ చేయించుకో. తగ్గుతుంది. కానీ ఒంట్లో అన్నీ సరిగ్గా ఉన్నోడికి ఒక్క విందుతో 400 దాటడం అరుదు, అది మనసులో పెట్టుకో.

నెయ్యి_పిచ్చి (అనంతపురం), సోమవారం రాత్రి 10:52

ఏమప్పా, ఇంగా కొవ్వునే తిట్టుకుంటా కూర్చున్నారా? కొవ్వు తింటే కొవ్వు పట్టదు. అన్నం, చక్కెర తింటే పడతాది. నేను ఎనిమిది నెలలుగా అన్నం ముట్టలేదు, నెయ్యి తాగినట్టే తింటాండా, 14 కిలోలు దిగినా. ఆ సంగటి ఆపు, కూర తిను. పో.

జువాలజీ_సారు (కర్నూలు), మంగళవారం ఉదయం 6:20

రిటైరైనా తెల్లవారుజామునే మెలకువ వస్తుంది, కనుక కొంచెం పాఠం. ఓపిక లేనివాళ్లు దాటేయండి.

ఊరిబిండి గారూ, మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. తిన్న కొవ్వు నేరుగా లివర్‌కు పోతుందా? పోదు. అన్నంలోని పిండి చక్కెరగా మారి పేగు నుంచి పోర్టల్ సిర పట్టుకుని తిన్నగా లివర్‌కే చేరుతుంది. కొవ్వు దారి వేరు. పిత్తరసం దాన్ని సబ్బు జిడ్డును విడదీసినట్టు చిన్న చిన్న బొట్లు చేస్తుంది, క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైము కోస్తుంది, ఆ ముక్కలు పేగు కణాల్లోకి పోయి మళ్లీ అతుక్కుంటాయి. వాటికి ప్రోటీన్ తొడుగు వేసి కణం ఒక మూట కడుతుంది. పేరు కైలోమైక్రాన్. ఈ మూట పేగులోని సన్నటి రక్తనాళాల గోడ దాటి లోపలికి దూరలేదు, అందుకని శోషరస నాళాల్లో పైకి ప్రయాణం చేసి, ఎడమ మెడ ఎముక కింద సిరలో కలుస్తుంది. లారీ ఊళ్లోకి రాకుండా బైపాస్ మీద పోయినట్టు, లివర్‌ను తప్పించుకుని ముందు గుండెకు, అక్కడి నుంచి ఒళ్లంతా తిరుగుతుంది.

మూటలు దించేది లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము. కండరాల్లో, కొవ్వు కణజాలంలో సన్నటి రక్తనాళాల గోడలకు అంటుకుని ఉంటుంది. మా కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ లారీ రాగానే కమ్ముకునే హమాలీలను చూశారా, అలాంటిది. తిన్న వెంటనే ఇన్సులిన్ పెరిగితే కొవ్వు కణజాలం దగ్గరి హమాలీలు చురుకవుతారు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, ఒళ్లు వంచి పని చేసినప్పుడు కండరాల దగ్గరివాళ్లు చురుకవుతారు. ఎవరి గేటు తెరిచి ఉంటే సరుకు అటు పోతుంది. సగం దించిన మూటలు, అడుగూ బొడుగూ మాత్రం చివరికి లివర్‌కు చేరతాయి.

ఊరిబిండి (కడప), మంగళవారం ఉదయం 8:05

సార్, చదువుకునే రోజుల్లో ఇట్ల చెప్పింటే నేనూ జువాలజీ తీసుకుంటాంటి. మరి బైపాస్ మీద పోయేదైతే లివర్‌లో అంత కొవ్వు ఎట్ల జమ అయింది?

జువాలజీ_సారు (కర్నూలు), మంగళవారం ఉదయం 9:30

2005లో మినసోటా విశ్వవిద్యాలయం వాళ్లు ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల తిండికి, రక్తంలోని కొవ్వుకు గుర్తులు పెట్టి, లివర్ ముక్కలో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క తీశారు. 59 శాతం రక్తంలో తిరిగే కొవ్వు ఆమ్లాల నుంచి, అంటే ఎక్కువగా ఒంట్లో ముందే నిలవ ఉన్న కొవ్వు కరిగి వచ్చింది. 26 శాతం పిండి, చక్కెరల నుంచి లివర్ తానే తయారు చేసుకున్నది. తిండిలోని కొవ్వు నేరుగా చేరింది 15 శాతం.

కాబట్టి మీ లివర్‌లో ఉన్నది ప్రధానంగా ఆదివారం నాటి కూర కాదు. ఆ 102 సెంటీమీటర్ల నడుము. ఇన్సులిన్ మాట వినే ఒంట్లో తిన్న తర్వాత కొవ్వు కణాలు తలుపు మూసుకుంటాయి. మాట వినని ఒంట్లో పగలూ రాత్రీ కారుతూనే ఉంటాయి. కారినదాంట్లో మంచి భాగం లివర్ పట్టుకోవాలి.

నెయ్యి_పిచ్చి (అనంతపురం), మంగళవారం ఉదయం 9:48

చూసినారా! 15 శాతమే అంట. నేను నిన్ననే చెప్తి.

డైట్_అక్క (కడప), మంగళవారం మధ్యాహ్నం 1:10

నెయ్యి తమ్ముడూ, సారు చెప్పిందాంట్లో నీకు కావాల్సింది ఒక్కటే ఏరుకున్నావు. ఆ 59 శాతం ఆకాశం నుంచి ఊడిపడిందా? నిన్న, మొన్న, పోయిన సంకురాత్రికి తిన్నది మిగిలి పొట్టలో దాచుకున్నదే కదా.

ఇంకోటి, ఏ కొవ్వు అనేది కూడా లెక్కే. 2014లో స్వీడన్‌లోని ఉప్సాలాలో 39 మంది మామూలు బరువున్న యువతీ యువకులకు ఏడు వారాలు మామూలు తిండి మీద అదనంగా మఫిన్ కేకులు పెట్టినారు. కొందరికి పామాయిల్‌తో చేసినవి, కొందరికి సూర్యకాంతి నూనెతో చేసినవి. బరువు ఇద్దరికీ ఒకటే మాదిరి, కిలోన్నర పైచిలుకు పెరిగింది. లివర్ కొవ్వు మాత్రం పామాయిల్ వాళ్లకే బాగా పెరిగింది. 2018లో హెల్సింకీలో లావుగా ఉన్నోళ్లకు మూడు వారాలు రోజుకు 1000 కేలరీలు అదనంగా ఇచ్చినారు. వెన్న, చీజ్, కొబ్బరి నూనె లాంటి గడ్డకట్టే కొవ్వులు తిన్నోళ్లకు లివర్ కొవ్వు 55 శాతం పెరిగింది. చక్కెర తిన్నోళ్లకు 33 శాతం. ఆలివ్ నూనె, గింజపప్పులు తిన్నోళ్లకు 15 శాతం. నెయ్యిలో సుమారు అరవై శాతం పైన గడ్డకట్టే రకమే.

నువ్వు తగ్గింది అబద్ధం అనడం లేదు. 14 కిలోలు దిగితే ఏ దారిన దిగినా లివర్ తేలికవుతుంది. పిండి బాగా తగ్గిస్తే మొదటి వారాల్లో లివర్ కొవ్వు త్వరగా దిగుతుంది కూడా. కానీ ఎల్‌డీఎల్ చూపించుకున్నావా? అది చెప్పు.

నెయ్యి_పిచ్చి (అనంతపురం), మంగళవారం మధ్యాహ్నం 1:31

చూపించుకుంటాలే అక్కా. గుంటూరు మిరపకాయ మాదిరి అంటుకుంటివే.

పొయ్యికాడ_మాస్టర్ (ఆదోని), మంగళవారం సాయంత్రం 5:45

నేను వంట మాస్టర్ని. దేవరకు, పెండ్లికి ఇరవై రెండేండ్ల నుంచి గరిటె తిప్పుతాండా. ఇంట్లో కూర, గుండిగలో కూర ఒకటి కాదు తమ్ముడూ. ఇంట్లో కిలో మాంసానికి వంద, నూటయాభై మిల్లీల నూనె ఐతే శానా. గుండిగకు అట్ల లెక్క ఉండదు, మసాలా అడుగంటకూడదని పోస్తానే ఉంటాం. చెనక్కాయ నూనె పోయమని డబ్బు ఎవురిస్తారు? పదిమందిలో తొమ్మిదిమంది పామాయిల్ ప్యాకెట్లు దించుతారు. పలావులో డాల్డా వేరే.

పొట్టేలు కొవ్వు వేరే దిగుతాది. మర్నాడు పొద్దన గుండిగ కడగబోతే అంచు చుట్టూ తెల్లగా మైనం మాదిరి గడ్డకట్టి ఉంటాది, వేడినీళ్లు పోసి చీపురు పుల్లలతో గీకాల. మీ అత్త ఆరింటికి పెట్టిన కూర మళ్లీ వేడి చేసింటాది, లేకుంటే అది నీకే కనపడుతుండె.

నేను మాత్రం వంట చేసిన రోజు కూర తినను. పెరుగు, ఎర్రగడ్డ, సంగటి. వాసనకే కడుపు నిండుతాది.

ఊరిబిండి (కడప), మంగళవారం సాయంత్రం 6:20

మాస్టరూ, ఆ తెల్లటిది మూత తీయంగానే చూస్తి. నెయ్యేమో అనుకుంటి. ఇంగ రాత్రికి నిద్ర పట్టదు.

డైట్_అక్క (కడప), మంగళవారం రాత్రి 8:00

మాస్టర్ గారు పామాయిల్ ఎత్తినారు కాబట్టి ఊరిబిండి అన్న అసలు ప్రశ్నకు వస్తా. ఒక్క పూట తింటే ఏమైనా అవుతుందా? అవుతుంది. 2017లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో 14 మంది సన్నటి, ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఒక్కసారి పామాయిల్ తాగించి కొన్ని గంటలు లివర్‌ను స్కానర్‌లో చూసినారు. లివర్ కొవ్వు 35 శాతం పెరిగింది. ఇన్సులిన్ మాట వినడం ఒళ్లంతా కలిపి 25 శాతం తగ్గింది. ఒక్క పూటకే.

ఐతే భయపడే ముందు ఈ 35 శాతం దేని మీదో చూడండి. వాళ్ల లివర్‌లో ముందు ఉన్నదే బహు కొంచెం. జేబులో రూపాయి ఉన్నోడికి ఇంకో ముప్పై ఐదు పైసలు చేరినట్టు. అది గ్రేడ్ 2 కాదు.

ల్యాబ్_తమ్ముడు (కర్నూలు), మంగళవారం రాత్రి 8:25

అక్క చెప్పిందానికి స్కాన్ వైపు నుంచి ఒక మాట. మా పక్క గదిలోనే స్కాన్ మిషన్, రోజూ చూస్తాంటా. లివర్‌ను పక్కనున్న కిడ్నీతో పోల్చి చూస్తారు. లివర్ కిడ్నీ కన్నా తెల్లగా మెరిస్తే కొవ్వు ఉందని. లోపలి రక్తనాళాల అంచులు మసకబారితే గ్రేడ్ 2. లివర్‌లో 5 శాతం దాటితేనే కొవ్వు పట్టింది అంటారు, కానీ ఈ స్కాన్ కంటికి గట్టిగా ఆనాలంటే 20, 30 శాతం దగ్గర ఉండాల. అంటే నీది ఆదివారం చేరింది కాదన్నా, ఏండ్లు పట్టింటాది. దేవర దాన్ని బయటేసింది, అంతే.

వారంలో మళ్లీ స్కాన్ తీయించుకోవద్దు, డబ్బు దండగ. దాని బదులు ఫిబ్-4 లెక్క ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించి, మొదటిదాన్ని రెండోదాంతో భాగించాల. నీది నేనే వేసినా: 43 గుణింతం 46 అంటే 1978. కింద 238 గుణింతం 8.83, దాదాపు 2102. జవాబు 0.94. 1.3 కన్నా తక్కువ ఉంటే లివర్ గట్టిపడి మచ్చలు కట్టే ప్రమాదం ప్రస్తుతానికి తక్కువ అని అర్థం. ఐనా డాక్టర్‌కు చూపించి షుగర్, థైరాయిడ్, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకో. ఎస్‌జీపీటీ 78 ఉత్తదేం కాదు.

గ్రౌండ్_పొద్దున5 (అనంతపురం), మంగళవారం రాత్రి 9:10

అన్నా, నేను కానిస్టేబుల్ సెలెక్షన్‌కు పరుగు ప్రాక్టీస్ చేస్తాండా. మా సీనియర్ ఒకరు, బాగా పరిగెత్తేటోళ్ల కండల్లో కూడా కొవ్వు ఉంటాది అన్నాడు. ఉత్తమాటేనా? కండలో కొవ్వుంటే షుగర్ వస్తుందని ఇంకోడు భయపెట్టినాడు.

జువాలజీ_సారు (కర్నూలు), బుధవారం ఉదయం 6:05

ఉత్తమాట కాదు నాయనా. ఈ మొత్తం చర్చలో నాకు బాగా నచ్చిన ప్రశ్న.

మాంసం కోసినప్పుడు పైపైన కనిపించే తెల్లని చారలు వేరు. నేను చెప్పేది కండరపు పోగు లోపల, సూక్ష్మదర్శినిలోనే కనిపించే బొట్లు. దూరం పరిగెత్తేవాళ్లలో ఇవి దండిగా ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లలోనూ దండిగానే ఉంటాయి. బొట్లు దాదాపు సమానం, ఒకరి కండ ఇన్సులిన్ మాట బ్రహ్మాండంగా వింటుంది, ఇంకొకరిది వినదు. దీన్ని అథ్లెట్ల వైరుధ్యం అంటారు, 2001 నుంచి బాగా చర్చలో ఉంది.

తేడా వాడకంలో ఉంది. నీ కండలో ఆ బొట్టు, కణంలో కొవ్వును కాల్చే మైటోకాండ్రియాకు ఆనుకుని, పొయ్యి పక్కన పేర్చిన కట్టెల్లా ఉంటుంది. పొద్దున అయిదింటికి కాలుస్తావు, తిన్నాక మళ్లీ నిండుతుంది. రెండు గంటలు గట్టిగా పరిగెత్తితే బాగా తగ్గి, తిండిలో కొవ్వు ఉంటే ఒకటి రెండు రోజుల్లో తిరిగి చేరుతుంది. కదలకుండా కూర్చున్నవాడి కండలో కట్టెలు చేరతాయే కానీ కాలవు. కాలక అరకొరగా మిగిలిన డైగ్లిజరైడ్లు, సెరమైడ్లు అనే కొవ్వు పదార్థాలు ఇన్సులిన్ కబురును మధ్యలోనే అడ్డుకుంటాయి. అప్పుడు కండ చక్కెరను లోపలికి రానివ్వదు. ఆ చక్కెర ఎటు పోవాలి? లివర్‌కు. లివర్ దాన్నే కొవ్వుగా మారుస్తుంది.

అంటే ఊరిబిండి గారి లివర్ కథ సగం తొడల్లో మొదలైంది. 2011లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇన్సులిన్ మాట వినని కుర్రవాళ్లను ఒక్కసారి 45 నిమిషాలు కసరత్తు చేయించి, తర్వాత పిండి ఎక్కువున్న భోజనం పెట్టారు. లివర్ చక్కెరను కొవ్వుగా మార్చడం సుమారు 30 శాతం తగ్గింది. బరువు ఒక్క గ్రాము తగ్గకుండానే.

గ్రౌండ్_పొద్దున5 (అనంతపురం), బుధవారం ఉదయం 6:40

సార్ ఇప్పుడే గ్రౌండ్ నుంచి వస్తి. కట్టెలు కాలినాయి. ఉగ్గాణి బజ్జికి పోతాండా 🙏

హంద్రీ_ఒడ్డు (కర్నూలు), బుధవారం ఉదయం 11:20

మా ఇంటాయన 61 కిలోలే, చూస్తే గాలికి ఎగిరిపోయేట్టు ఉంటాడు. మాంసం నెలకోసారి. ఆయనకూ ఫ్యాటీ లివర్ అన్నారు. ఇదేం చోద్యం?

డైట్_అక్క (కడప), బుధవారం మధ్యాహ్నం 2:00

చోద్యమేం కాదు చెల్లీ, మనోళ్లకు ఇది ఎక్కువ. 2006లో యేల్ వాళ్లే సన్నగా ఉండే రకరకాల జాతుల మగవాళ్లను పోల్చి చూస్తే, భారతీయుల లివర్‌లో కొవ్వు తెల్లవాళ్ల కన్నా సుమారు రెండింతలు కనపడింది. మనకు చర్మం కింద దాచుకునే చోటు తక్కువ, పొట్టలోపల పోగవుతుంది. అందుకే బరువు కన్నా టేపు నమ్మండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఆయన రోజుకు టీలు ఎన్ని తాగుతాడు, ఎన్ని చెంచాలు?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు), బుధవారం మధ్యాహ్నం 2:12

అంగట్లో కూర్చుంటాడు అక్కా. ఆరు. రెండేసి చెంచాలు. కారప్పూస ఎప్పుడూ పక్కనే.

డైట్_అక్క (కడప), బుధవారం మధ్యాహ్నం 2:20

పన్నెండు చెంచాలు, అరవై గ్రాముల చక్కెర. అందులో సగం ఫ్రక్టోజ్, దానికి మొదటి మజిలీ లివరే. ఇంగ నెలకోసారి తినే మాంసాన్ని ఏమనాల?

వేదిక నిర్వాహకుడు, బుధవారం సాయంత్రం 4:00

లివర్ కడిగే కషాయం అమ్మే ఇద్దరి పోస్టులు తీసేశాం. ఫోన్ నంబర్లు పెట్టకండి.

ఊరిబిండి (కడప), నాలుగు నెలల తర్వాత, ఆదివారం రాత్రి 9:15

అందరికీ మళ్లీ నమస్తే. డాక్టర్‌కు చూపిస్తి. షుగర్ అంచు మీద ఉంది, మిగతావి లేవు. మందులు రాయలేదు, ముందు బరువులో 5 నుంచి 10 శాతం తగ్గించి రమ్మన్నాడు.

చేసింది ఇదే. ఇంటికి నెలకు ఐదు లీటర్ల క్యాన్ తెచ్చేటోన్ని. లెక్కేస్తే నలుగురికి మనిషికి రోజుకు 38 గ్రాములు, 340 కేలరీలు నూనెలోనే. ఇప్పుడు మూడు లీటర్ల చెనక్కాయ నూనె. మాపటికి అన్నం తీసేసి జొన్నరొట్టె, ఆకుకూర. మాంసం ఆదివారం మధ్యాన్నం ఒక్కపూటే, కూర చల్లార్చి పైన తేలిన కొవ్వు గరిటెతో తీసేస్తాం. తిన్నాక పడుకోకుండా మాపటి పూట 45 నిమిషాలు నడక. సారు చెప్పిన తొడల కథ గుర్తుకొచ్చి వారానికి మూడు దినాలు బస్కీలు.

బరువు 81.4. నడుము 95. పన్నెండు గంటలు పస్తుండి ఇచ్చిన ట్రైగ్లిజరైడ్లు 176. ఎస్‌జీపీటీ 41. స్కాన్ ఇంకా తీయించలేదు, తమ్ముడు చెప్పినట్టే.

ల్యాబ్_తమ్ముడు (కర్నూలు), ఆదివారం రాత్రి 9:30

4.6 కిలోలు, ఐదు శాతం పైనే. ఈసారి ట్యూబ్ తేటగా ఉండింటాది.

ఊరిబిండి (కడప), ఆదివారం రాత్రి 9:52

నేను వాళ్ల ఇంటామెను, ఆయన ఫోన్ చార్జింగ్ పెట్టి స్నానానికి పోయినాడు. క్యాన్ మూడు లీటర్లకు తగ్గిన మాట నిజమే. నడక కూడా నిజమే. కానీ ఆ నడక ఏడు రోడ్ల కూడలి దాకా పోయి, కారం దోశ బండి దగ్గర పది నిమిషాలు ఆగి వస్తుంది. చొక్కాకు ఎర్రకారం అంటుతాది, ఉతికేది నేనే. మాస్టర్ గారూ, ఆ బండ్లోళ్లు ఏ నూనె పోస్తారు?

పొయ్యికాడ_మాస్టర్ (ఆదోని), ఆదివారం రాత్రి 10:05

అమ్మా, అది నన్ను అడగొద్దు. వాళ్లంతా మావాళ్లే.